ఒంపు మీద ఏడు

చదునైనదేదీ
గుండ్రటిదాని మీద ఊరికే పడుకోదు.
ఈ ముక్క నాకు బళ్ళో ఎవరూ చెప్పలేదు.
ఔలు ఊళ్ళో, ఫిబ్రవరి నెలలో,
బయట మైనస్ ఇరవై రెండు ఉన్న రాత్రి
పాత స్కూలు నేలమాళిగలో
ఒక బొమ్మకారు ముందు చక్రం మీది రెక్క చెప్పింది.

బొమ్మకారు అంటే ఇక్కడ ఎవరూ ఊరుకోరు.
రిమోట్‌తో నడుస్తుంది, మూరెడు పొడవు,
పైన గాజులాంటి పల్చటి ప్లాస్టిక్ తొడుగు.
రంగు లోపలి నుంచి వేస్తాం,
ముందు నారింజ, దాని వెనక తెలుపు.
బయటికి ఇప్పుడే తడిసినట్టు మెరుస్తుంది.
స్టిక్కర్లు మాత్రం పైనే,
దెబ్బలు తగిలే వైపే.

పగలంతా సిటీ బస్సు తోలతాను నేను.
పన్నెండు మీటర్ల బండిని
మంచుగుట్టల మధ్య వెంట్రుకవాసిలో తిప్పేస్తాను.
అంతటివాణ్ణి
అరచేతిలో పట్టే ఏడంకె దగ్గర ఓడిపోయాను.

మొదటిది ముడత పడింది.
రెండోది తాగినవాడి టోపీలా పక్కకి కూచుంది,
పీకితే జిగురు సగం కారుకి,
సగం నా బొటనవేలికి.
మూడోదాని కింద గాలిబుడగ.
ఇటు నొక్కితే అటు, అటు నొక్కితే ఇటు,
అప్పు తీర్చని మనిషిలా
వీధి మారుస్తుందే గాని ఊరు వదలదు.

హెల్వి వచ్చి పక్కన కూచుంది.
డెబ్భై మూడేళ్ళు. మెళ్ళో తాళ్ళకి రెండు కళ్ళజోళ్ళు.
మొదట్లో మనవడు ఏలిస్ కోసం వచ్చేది.
వాడు హాకీలో పడి మానేశాడు,
ఆమె మానలేదు.
స్టిక్కరుకి ఒక కాఫీ, అదీ ఆమె రేటు.

"మోకాలికి కట్టు కట్టావా ఎప్పుడైనా?"
లేదన్నాను.
"ముప్ఫై ఒక్క ఏళ్ళు కట్టాను,
కాలిన గాయాల వార్డులో.
కాలు చాపించి కడితే
మడిచిన మొదటిసారే ఊడుతుంది.
ఎలా వంగుతావమ్మా అని ముందు మోకాల్నే అడగాలి."

సబ్బునీళ్ళు చిమ్మింది.
ఏడు ఎక్కడ వాలాలో తేల్చుకోక అటూ ఇటూ ఈదింది.
నడిమధ్యన ఒక వేలు ఆనించింది.
అంచుల జోలికి పోలేదు.
"అంచులు తొందరపెడతాయి. వినకు."
హెయిర్ డ్రయ్యర్ గాలిని
పసిపిల్ల పాలు చూసినట్టు మణికట్టు మీద చూసుకుని
మెల్లగా దగ్గరికి తెచ్చింది.
ఆమె లాగినట్టే లేదు, అది సాగింది.

అయినా రెక్క మూల దగ్గర ముడత లేచింది.
లేస్తుంది మరి.
అక్కడ స్టిక్కరు ఎక్కువ, చోటు తక్కువ.
బియ్యపుగింజంత గాటు పెట్టి
పెదవి మీద పెదవి మూసినట్టు
ఒక అంచు మీదికి ఇంకో అంచు ఎక్కించింది.
లైబ్రరీ కార్డుకి గుడ్డ చుట్టి
నీళ్ళని తోసింది, లోపల్నించి బయటికి, బయటికి.
మొండి బుడగకి సూది.

"గాటు కనపడుతోంది" అన్నాను.
"నీకు తెలుసు కాబట్టి" అంది.

శనివారం రేసులో, మూడో చుట్టులో,
ఉర్హో నీలం కారు పక్కనుంచి తగిలింది.
నాది రెండు పల్టీలు కొట్టి చెక్కపట్టీకి గుద్దుకుని
వెల్లకిలా పడింది, చక్రాలు గాలిలో గిర్రుమంటూ.
ఓ కుర్రాడు పరిగెత్తుకొచ్చి తిప్పి నిలబెట్టాడు.
పది కార్లలో తొమ్మిదోదాన్నయ్యాను.
పదోది బ్యాటరీ అయిపోయి ఆగింది.

బల్ల మీద లైటు కింద పెట్టి చూశాం.
రెక్క చీలింది.
చక్రం అంచు నుంచి వేలెడు పగులు
పైకి పాకి, ఏడు కిందికి దూరి,
అక్కడ ఆగిపోయింది.
ఇటు ముక్కా అటు ముక్కా
ఇంకా ఏడు చేతిలోనే ఉన్నాయి.

హెల్వి కళ్ళజోడు మార్చుకుంది.
నొప్పి ఎక్కడో వెతికే చేత్తో పగులంతా తడిమింది.
"రెండు రోజులు తడి తగలనీకు" అంది.
అన్నాక తనకే నవ్వొచ్చి
కాఫీ కప్పు నా ముందుకి జరిపింది,
ఖాళీది.