బొగ్గు తూకం

నారిన్ బడిలో పొయ్యి రాజేసేవాణ్ణి నేను.
అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా
నా వీపు పిల్లల వైపు, ముఖం నిప్పు వైపు.

ఈ ఏడు కొత్త టీచరమ్మ వచ్చింది, బురుల్‌కాన్.
వాళ్ల నాన్న తెల్ల ఉన్ని టోపీ తెచ్చి
"ఇది ఎవరి తల మీదుంటే వాళ్లు అడగాలి" అంది,
"పక్కవాళ్లు జవాబు చెప్పాలి. గోడకి వినపడాలి."

మొదటి వారం టోపీ తిరిగిందిగాని
మాట తిరగలేదు.
పెద్దల ముందు నోరెత్తని ఇళ్ల పిల్లలు.
ఒకడు టోపీని గడ్డం దాకా లాక్కుని
అందులోనే గొణిగాడు.
"గోడకి వినపడలేదట," అంది ఆమె
గోడకి చెవి ఆనించి.

ఆపైన మొదలయ్యాయి.
నీ బూటెందుకు తడిసింది? వాగులో దిగాను.
ఎందుకు దిగావు? గొర్రె దిగింది.
గొర్రె ఎందుకు దిగింది?
పోయి గొర్రెనడుగు.

మంచు పడిన మంగళవారం
జిపార్‌కుల్ మనవరాలు సెజీమ్,
అన్నాళ్లూ పెదవి విప్పనిది, లేచింది:
"గుర్రం నిలబడే నిద్రపోతుంది కదా,
మరి దాని కల ఎక్కడ పడుకుంటుంది?"

ఆ వేళ పక్కన కూర్చుంది టీచరమ్మే.
చాలాసేపు ఆలోచించి
"నాకు తెలీదు" అంది,
గోడకి వినపడేలా.

నా చేతిలో పార అలాగే ఆగిపోయింది.
తెలీదనడమూ జవాబేనని
యాభై ఏడేళ్లుగా నాకెవరూ చెప్పలేదు.

శనివారం బొగ్గు లారీ వచ్చింది.
పదకొండేళ్లుగా దించుకుంటున్న బస్తాలే.
"బస్తాకి ఎన్ని కిలోలు?" అన్నాను.
డ్రైవరు వినపడనట్టు తాడు విప్పుతున్నాడు.
బడి గోడ పక్కకి వెళ్లి నిలబడి
మళ్లీ అడిగాను.