వెయ్యికి మూడు

ఆ సూది నాదే.
ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

చిత్తూరు పెద్దాసుపత్రి, మగవాళ్ళ వార్డు,
తెల్లారుజాము నాలుగు.
పదకొండో మంచం మనిషికి నరం దొరకలేదు,
మూడోసారికి దొరికింది.
నా చేతిలో మిగిలింది గులాబీరంగు కాన్యులా సూది.
తెల్లడబ్బా గొంతుదాకా నిండి ఉంది,
కొత్తది కావాలని ఇండెంటు రాసి తొమ్మిది రోజులు.
అవతల ఎవరో ‘సిస్టరమ్మా, వాంతి’ అని కేక.
పక్కనే పసుప్పచ్చ సంచి
నోరు తెరుచుకుని ఉంది.
అంతే.
అంతకన్నా పెద్ద కారణమేదీ లేదు.

ఏడింటికి చెంగమ్మ వచ్చింది,
మురకంబట్టు నుంచి నడిచి,
కొంగు నడుముకు దోపుకుని.
సంచి మూతి ముడేసి
అడుగున చెయ్యేసి ఎత్తింది.
‘అబ్బ’ అంది.
గట్టిగా కూడా కాదు, గండుచీమ కుట్టినట్టు.
ఉల్లిపొర లాంటి గ్లవ్సు ఊడబెరికి
వేలు నోట్లో పెట్టుకోబోయింది.

నేను అరిచాను.
చప్పరించొద్దు, పిండొద్దు, కుళాయి కింద పెట్టు, సబ్బు, సబ్బు…
నీళ్ళు కారుతున్నాయి.
ఆమె వేలు చూసుకోవడం లేదు, నా మొహం చూస్తోంది.
‘గుచ్చుకునింది నాకైతే
నువ్వేందమ్మా అట్లా వణకతా ఉండావు?’

పదకొండో మంచం దగ్గరికి పరిగెత్తాను.
దుప్పటి మడతపెట్టి ఉంది.
చేతికి కాన్యులాతోనే వెళ్ళిపోయాడు మహానుభావుడు,
ఒక్క చుక్క రక్తం పరీక్షకివ్వకుండా.
కేసుషీటు మీద ఊరి పేరు సగమే ఉంది.

రిజిస్టరులో ఒక గడి: ఉద్యోగి నంబరు.
చెంగమ్మకు నంబరు లేదు.
ఆ గడిలో కాంట్రాక్టరు ఫోన్ నంబరు రాశాను.
కామెర్ల టీకా వేశారా అని ఇంకో గడి.
‘మా పిలకాయలకి చుక్కలేసినారు, నాకేం ఎయ్యలా.’

కౌన్సెలరు నిదానంగానే చెప్పాడు:
వెయ్యిమందికి గుచ్చుకుంటే
హెచ్ఐవీ అంటేది ముగ్గురికేనమ్మా,
రెండు గంటల్లోపే వచ్చావు, మాత్రలున్నాయి, భయం లేదు.
కామెర్ల లెక్క దగ్గరికొచ్చేసరికి
ఆయన గొంతు కొంచెం తగ్గింది.

చెంగమ్మ మొగుడు గుజ్జు ఫ్యాక్టరీలో మామిడి లోడు దించుతాడు.
‘వెయ్యికి మూడా’ అని
ఆమె కాసేపు లోపల్లోపల ఎంచుకుంది.
‘తోతాపురి వెయ్యి కాయల్లో మూడు పుచ్చుంటే
లోడు లోడంతా తిప్పి పంపిస్తారు సార్ ఆడ.
నన్నెవురు తిప్పి పంపిస్తారు, యాడికి?’

ఇరవై ఎనిమిది రోజులు,
రాత్రి తొమ్మిదికి ఒక మాత్ర.
సంగటి ముద్ద చూస్తేనే వికారం.
మూడు నెలలు చాప వేరే.
గంగమ్మకు మొక్కుకున్నానని మొగుడికి చెప్పిందట.
‘అమ్మోరి మీద అబద్ధమాడినా సిస్టరమ్మా,
తప్పంటావా?’

నన్ను అడుగుతోంది.
ఎదురుగా కూర్చుని
నోరు విప్పకుండానే అబద్ధమాడుతున్న నన్ను.
రోజూ మాత్ర వేసుకున్నావా అని నేనడుగుతాను కాబట్టి
నన్ను మంచిదాన్ననుకుంటోంది.
పంతొమ్మిదో రోజున రెండు కాయలు తెచ్చింది,
‘లోడులో రాలినవి. పుచ్చులేనివి చూసే ఏరుకొచ్చినా.’
డ్యూటీ గదిలో కోసుకుని తిన్నాను.
తియ్యగా ఉన్నాయి, ఏం చెయ్యను.

తెల్లడబ్బా ఎప్పుడో వచ్చింది.
ఇప్పుడు ముప్పాతిక గీత దాటనివ్వం.
గోడకు కొత్త బొమ్మ కూడా అంటించారు,
అందులో సూదికి కళ్ళూ మూతీ ఉన్నాయి.

ఆరోవారం కాగితంలో ఏమీ లేదు.
మూడోనెలది రేపొస్తుంది.
కాగితం విప్పకముందే చెప్పాలి,
విప్పాక చెబితే
అది ఏదో ఒకటి చూసుకుని చెప్పినట్టవుతుంది.

ఇవాళ సంచి కడుతుంటే
ఏదీ చూపించు అని ఆమె చెయ్యి తీసుకున్నాను.
ఏ వేలో నాకు గుర్తుంది.
మచ్చ కోసం చాలాసేపు వెతికాను.
ఏమీ లేదు.