తాబేళ్ళ డబ్బు

తుఫాను షెల్టరు గోడకి జాబితా అంటించీసినారు.
మైదా జిగురు. నానెళ్ళీసరికి ఒక మేక
కింది నుంచి మొదలెట్టి
నూట పన్నెండో పేరు దాకా తినీసింది.

చదివింది నా మనవడు గున్నడు.
ఒడియా బడిలో నాలుగో తరగతి. తెలుగు మాటాడతాడు గానీ
రాసింది చూపిస్తే ముగ్గా అంటాడు.
వేలు పెట్టి దిగుతూ దిగుతూ
నలభయ్యొకటి కాడ ఆగినాడు.
"మామ్మా, ఇది నువ్వే. గానీ నువ్వు కాదు."

పొలొమ్మా బెహెరా.

నాను పోలమ్మని. సూరాడ పోలమ్మని.
ఈ దేశం నోట్లో పడితే ప్రతి అక్షరమూ
ఏట్లో రాయిలాగ గుండ్రబడిపోద్ది,
తెలుసు, దానికి కోపం లేదు.
బెహెరా ఎవరు మరి?

రుషికుల్య మొగ కాడ తాబేళ్ళు గుడ్లెట్టే నెలలు.
వేట కట్టు. పడవ బోర్లించి
దాని కింద కోళ్ళని కప్పినాం.
ఎండుచేపల గంప అడుగు కనబడతంది.
ఆ నెలల కూటికి సర్కారిచ్చేదాన్ని
మేం తాబేళ్ళ డబ్బంటాం.

బాహుదా అవతల మా చెల్లి రాజులమ్మ.
ఆళ్ళకి వేరే నెలలు, వేరే సర్కారు.
ఫోన్ చేసి, "మాకు పడిపోనాదే అప్పా" అంది.
పడిపోనాది అంటే మా ఇంట్లో ఇంకా ఉలిక్కిపడతాం.
నా పెనిమిటి సంగతీ
ఒడ్డున నిలబడి అదే మాటతో చెప్పినారు.

నా డబ్బు మాత్రం వచ్చి ఎనక్కెళ్ళిపోయిందట.
బ్యాంకులో సూరాడ, జాబితాలో బెహెరా.
భువనేశ్వరం నుంచి అంత దూరం వచ్చి
గుమ్మం కాడ పేరు నచ్చక తిరిగిపోయిన చుట్టం.

ఛత్రపురం ఆఫీసుకి మూడు మంగళారాలు.
బస్సు, స్టాంపు కాగితం, టైపు కొట్టినోడికి,
గున్నడికి ఒక బొరా, ఏడిస్తే ఇంకోటి.
గుమస్తా మంచోడే. ఫ్యాను కింద కూకోమన్నాడు.
"మౌసీ, జాబితా మారాలంటే కాగితం పైకెళ్ళాల.
నువ్వు మారడం తేలిక."

తేలికే.
సిరా చల్లగా ఉంది.
పెళ్ళప్పుడు పుట్టింటి పేరు తీసీసి
పసుపు బట్టలెట్టినారు.
ఇప్పుడు రసీదిచ్చినారు.

వేట తెరిచే ముందు వారం పడింది డబ్బు.
ఫోను బెహెరాగారూ అని పిలిచింది,
ఎవరినో అనుకుని ఎనక్కి చూసినాను.
ఐసు కొట్టు బాకీ. బియ్యం. గున్నడికి చెప్పులు,
ఒక సైజు పెద్దవి.

పడవ తిరగేసినాం, కోళ్ళు అరుస్తా పోయినాయి.
ముక్కు మీద మా మామ రాయించిన తెలుగు,
నీలం రంగు, ఉప్పుకి పెచ్చులేసింది.
"మామ్మా, ఈ ముగ్గేటి?"

నాకూ చదువు లేదు.
ఏ గీత ఎటు తిరగతదో కళ్ళకి తెలుసు, అంతే.
ఆడి వేలు పట్టుకుని తడిచెక్క మీద దిద్దించినాను,
ఇక్కడ మెలిక, ఇక్కడ తోక,
ఇది మీ తాతని పిలిచే పేరు.
మూడో అక్షరం కాడికొచ్చీసరికి
సగం రంగు ఊడిపోయుంది.
కొమ్ము లోపలికా, బయటికా,
నాకూ అనుమానమొచ్చింది.