నూటికి ఎనభై ఐదు

కాశీనగర్‌లో కరెంటు పోయిన సాయంత్రం
హల్లరు మిల్లు అరుగు మీద మా ట్యూషను.
మోటారు ఆగితే గాని వినబడని వంశధార
వెనక ఎక్కడో, ఇసకలో.

కృపాసింధు బళ్ళో ఒడియాలో నేర్చి
ఇంటికొచ్చి తెలుగులో తప్పుతాడు.
"శతకడా పదిహేను" అంటాడు.
"నూటికి పదిహేను" అంటాను.
ఇద్దరం అదే పదిహేను దగ్గర ఆగిపోతాం.

పుస్తకంలోది కాదు ఈ లెక్క,
బ్యాంకు కాగితంలోది.
మిషను కొన్న వెల ఎనభై వేలు,
ఏటా తరుగు నూటికి పదిహేను,
వయసు ఎనిమిదేళ్ళు.
అప్పు పుట్టాలంటే ఇవాళ్టి వెల తేలాలి.

వాడు సున్నా పాయింటు ఒకటి ఐదుతో గుణించాడు.
ఏడాదికి పన్నెండు వేలు,
రెండో ఏటికి పద్దెనిమిది వందలు,
మూడో ఏటికి రెండు వందల డెబ్బై.
"బెల్టు ముక్క కూడా రాదురా దానికి" అన్నాను.
చెరిపాడు. ఈసారి ఏటా పన్నెండు వేలు
కోసుకుంటూ పోయాడు.
ఏడో ఏడు మిల్లే మనకి
ఎదురు నాలుగు వేలు బాకీ పడింది.

తరిగినదాంట్లోంచే మళ్ళీ తరుగు, గుణకం అంటే... అని
నేను మొదలెట్టి చిక్కుపడుతుంటే
రెప్పల మీద తవుడుతో సుభద్రమ్మ
జల్లెడ దించింది.

"ఏటి బాబూ అంత గింజుకుంటన్నారు?
నూరు కేజీలు ధాన్యం పోత్తే
ఊకెంత ఎగిరిందని ఎవుడడుగుతాడు?
బియ్యవెంతొచ్చిందంటాడు గాని.
ఎగిరిందాన్ని ఒగ్గీసి
గంపలో పడ్డదాన్ని రాయండి."

సుద్దముక్క చేతిలో కాసేపు అలాగే ఉండిపోయింది.
నూట్లో పదిహేను పోతే ఎనభై ఐదు.
సున్నా పాయింటు ఎనిమిది ఐదు.
డిగ్రీలో నేను బట్టీ పట్టిన
'ఒకటి మైనస్ ఆర్'
ఇన్నాళ్ళకి గంపలో పడింది.

అరవై ఎనిమిది వేలు.
యాభై ఏడు వేల ఎనిమిది వందలు.
వాడి వేలు పరిగెత్తింది.
ఎనిమిదోసారి నొక్కేసరికి
ఇరవై ఒక్క వేల ఏడు వందల తొంభై తొమ్మిది,
చివర చిల్లర పైసలు.
"ఇంకా నొక్కితే సున్నా అయిపోద్దా మాస్టారూ?"
"అవదు. చిన్నదవుతూ ఉంటుంది, అంతే."

ఆ అంకె విని సుభద్రమ్మ ఏమీ అనలేదు.
కొంగుతో కప్పీ తుడిచింది,
అప్పటికే శుభ్రంగా ఉన్నదాన్ని.

కరెంటొచ్చింది.
కొండ దిగొచ్చిన సొంబారు
రెండు బస్తాలు విప్పాడు, సరిగ్గా నూరు కేజీలు.
అరుగు అదిరింది, సుద్దముక్క దొర్లి పడింది.
కాటా మీద బియ్యం అరవై ఐదు.

"కొన్నేడూ అరవై అయిదే" అంది ఆమె
నాతో కాదు,
మేకుకి గుచ్చిన బ్యాంకు కాగితంతో.

కృపాసింధు పుస్తకం మూల
సున్నా పాయింటు ఆరు ఐదు అని రాసి
దీనికి ఘాతం వెయ్యాలా అని అడిగాడు.
మోటారు మోతలో
నాకు వినబడనట్టే ఊరుకున్నాను.