వేలెడు సందు

నాలుగు గొట్టంగ నేను పిండి తడుపుతుంటె
కుర్మయ్య వచ్చి పొయ్యి పక్కన నిలబడ్డడు.
చేతులనిండ గ్రీసు, కండ్లల్ల నిద్ర లేదు.
"జర పిడికెడు జొన్నపిండి ఇయ్యి."
"ఆకలా?"
"నాకు గాదు. బండికి."

బండి అంటే, మా పెరట్ల రేకుల కింద
మూడేండ్ల సంది పుడుతనే ఉన్న కారు.
ఇంజను ఆమ్నీది, వెనుక హౌసింగు అంబాసిడర్‌ది,
తలుపులు రెండు ఇంకా బాదేపల్లి పాత ఇనుం దుకాణంలనే ఉన్నయి.
రొట్టె పన్నెండు రూపాయలు.
ఎన్ని రొట్టెలైతే ఒక తలుపో
నాకు ఎరుకే, ఆయనకు చెప్పలే.

మొదటి షాఫ్టును మొయిన్ సాబ్
లేతు మీద గీతకు గీత కోసిండు.
గేర్‌బాక్సుకూ హౌసింగుకూ నడుమ
అతికినట్టు కూసున్నది.
ఇద్దరు చాయ్ తాగిండ్రు, మురిసిండ్రు.
రైలు గేటు కాడ పట్టాల మీద బండి ఎత్తేస్తె
వెనుక చక్రాలు మీదికి లేశి
షాఫ్టు ముందుకు పొడిశింది.
పోనీకి తావేది?
గేర్‌బాక్సు తోక పర్రె వాసింది.
నూనె కారుకుంట కారుకుంట
ఇంటిదాక తోసుకొచ్చిండ్రు,
గేటాయన తిట్టుకుంటనే ఒక చెయ్యేసిండు.

"అతికినట్టు అమరుడే తప్పాయె" అని
మొయిన్ సాబ్ గడ్డం గోక్కున్నడు.
"ఇన్నేండ్లు బోరు మోటర్లకే పని చేస్తి.
అవి ఉన్నకాడనే తిరుగుతయి.
ఊగేదానికి అంగుళం ఇడువాలె భయ్యా."

రెండోది అంగుళం తక్కువ కోసిండ్రు.
రెండు కొసల క్రాసులు ఒక్క తీరుగ నిలవెట్టి
సుతిలి కట్టి చూసుకున్నరు.
ఇగ మిగిలింది మీది సందు,
షాఫ్టుకూ అడుగు రేకుకూ నడుమ ఉండేది.
ఉరికే బండి కింద పండుకొని
చూడనీకి రాదు కద,
అందుకు పిండి.

వేడినీళ్ళు వోసి, అరచేత్తోని అణిచి అణిచి
జిగురు తెచ్చి ఇచ్చిన.
జొన్నపిండి గోధుమ లెక్క సాగదు,
గాలి తాకితె పలుగుతది,
తడిబట్ట కప్పి తీస్కపో అన్న.
కిందికి దూరి, షాఫ్టు మీది రేకుకు
గోడకు పిడక కొట్టినట్టు కొట్టిండు.
కల్వకుర్తి రోడ్డు దాక పోయొచ్చిండు.
ముద్ద మీద గీత గూడ పడలే.
"వేలెడు సందు!" అని ఏలు లేపి
గల్లీ అంత చూపిచ్చిండు.

"ఎవలెవలు కూసున్నరు బండ్ల?"
"నేనే."
"ఒక్కనివే తిరుగనీకి చేసినవా దీన్ని?"

పొయ్యి ఆర్పి, పెనం బోర్లేసి లేచిన.
ఉల్లిగడ్డలమ్మే షాహేదా, చీపుర్ల చిట్టెమ్మ,
రెండు పల్లికాయ బస్తాలు, నేను.
వెనుక సీటు ఇంకా రాలే,
బస్తాల మీదనే కూసున్నం.
చిట్టెమ్మ ఏ తలుపు పట్టుకోవాల్నో తెల్వక
నా జుట్టు పట్టుకున్నది.
యార్డు ముంగటి మూడు స్పీడ్‌బ్రేకర్లు
మెల్లగ ఒకసారి, జోరుగ ఒకసారి.

ఇంటికొచ్చినంక కుర్మయ్య కిందికి పోయిండు.
కాళ్ళే కనపడుతున్నయి.
చాలసేపు అవి గూడ కదలలే.
తెచ్చి నా చేతుల పెట్టిండు ముద్దను.
నడిమిట్ల నున్నటి గాడి.
గాడి అడుగున మిగిలిన పిండి
బీడీ ఆకంత మందం.
నలభై ఏండ్ల సంది రొట్టె కొడుతున్న,
నా చేతికి ఎన్నడు రాలే అంత పల్చన.

"ఇంకొక్కలు ఎక్కితె..." అన్నది షాహేదా.
ఎవ్వలం మిగిలింది అనలే.

అడుగు రేకు కోసి
రెండు వేళ్ళు మీదికి లేపుతడంట.
మన సీట్ల నడుమ గుట్ట లెక్క వస్తది,
మోచెయ్యి పెట్టుకోవచ్చు అంటున్నడు,
దానికోసమే లేపుతున్నట్టు.

తలుపుల కోసం దాచిన పైసలు రేకుకు పోయినయి.
ముద్దను పారెయ్యనియ్యలే నేను,
ఉప్పు డబ్బా పక్కన పెట్టిన.
ఎండి పలిగింది, గాడి మాత్రం అట్లనే ఉన్నది.

తెల్లారి నుంచి రొట్టె పదిహేను.
ఎందుకు పెంచినవ్ అంటున్నరు బేరగాండ్లు.
"బండి కింద సందు తక్కువైంది" అంటున్న.
తింటున్నరు.