కంకి మీద మొలక

అంతర్వేది దగ్గర తీరం దాటొచ్చని
శనివారం రాత్రి టీవీలో చెప్పారు.
తెల్లారితే ఆదివారం.

నాన్న కొడవలి తుడిచి చూరులో దోపేశాడు.
గిద్యోను ఆయన పేరు.
మూడెకరాల స్వర్ణ, మక్తా చేను,
పాలు గట్టిపడి, పసుపెక్కి,
ఇవాళా రేపా అన్నట్టు తలొంచుకుని ఉంది.
"నాలుగో ఆజ్ఞ" అన్నాడు. అంతే.
అమ్మ అన్నం గిన్నె కాస్త గట్టిగా పెట్టింది.
అదే ఆమె జవాబు.

పొద్దున్నే తిమోతి బాబాయి కోత మిషన్ దింపాడు.
గుడిలో మేం నిలబడి పాడుతుంటే
కాలవ అవతల నుంచి ఆ మోత,
అయ్యగారి ప్రసంగంలో సగం మాటలు అదే కోసుకుపోయింది.
కళ్లు మూసుకున్నాను గానీ ప్రార్థించలేదు.
బస్తాలు లెక్కపెట్టాను. బాబాయివి.

సోమవారం గాలి. మంగళవారం వాన.
బుధవారం చేను లేదు, నీళ్లున్నాయి.
నీళ్లు తీసిన శనివారం నాడు చూస్తే
కంకి మీదే మొలకలు,
తెల్లగా, పిల్లి మీసాల్లా.

గింజ నేలలో చస్తేనే పంటంటారు అయ్యగారు.
మాది చావలేదు ప్రభువా,
బతికింది.
ఆ బతకడమే మమ్మల్ని ముంచింది.

ఒకటడగనా?
విశ్రాంతి దినాన గోతిలో పడ్డ ఎద్దుని
పైకి లాగొచ్చని నువ్వే అన్నావట.
మా చేను ఎద్దు కాదా?
దానికి కొమ్ముల్లేవనా?
ఆరు రోజులు పనిచేసి ఏడో రోజు కూర్చున్నావు,
నీకు మక్తా లేదు.
మా ఆసామికి ఆదివారం లేదు.
ఎకరానికి పద్దెనిమిది బస్తాలు,
మొలకొచ్చినా, బూజొచ్చినా, నువ్వే దిగొచ్చినా.
నీ మాట విన్నవాడి గాదెలో ఎలకలు కూడా లేవు.
విననివాడిది నిండింది.
ఈ లెక్క ఏ పద్దులో రాసుకున్నావు?

కోతపండగకి అందరూ తెచ్చారు,
బస్తాలు, గుమ్మడికాయలు, అరటిగెల,
కాళ్లు కట్టేసిన కోడిపుంజు.
నాన్న ఆ మొలకల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు.
ప్రథమ ఫలం.
అదే మొదటిది, అదే ఆఖరిది.
సంఘపెద్ద దగ్గాడు.

వేలంపాటలో దాని వంతు వచ్చేసరికి
ఎవరూ నోరు విప్పలేదు.
కోడిపుంజు కూడా.
"రెండు వేలు" అన్నాడు తిమోతి బాబాయి, తలెత్తకుండా.
ఎందుకురా అని ఎవరో అడిగితే
"బాతులకి" అన్నాడు.
ఆయనకి బాతుల్లేవు.

దాళ్వాకి మళ్లీ అప్పు, మళ్లీ విత్తనం.
ఈసారి నీళ్లు వంతుల వారీ.
లస్కరు కాగితం చూసి చదివాడు:
మా బోదెకి ఆదివారం, తెల్లవారుజామున.
నాన్న మొహం చూశాను. ఏమీ లేదందులో.

శనివారం రాత్రి పదకొండింటికి పార భుజానేసుకుని
దీపం లేకుండా బయల్దేరాడు. నేను వెనకే.
మట్టి కట్ట తెగ్గొట్టాడు. పార కడిగి బోర్లించాడు.
గట్టు మీద తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు,
చలికి మోకాళ్లు గడ్డానికి తెచ్చుకుని.
అవతల వైపు తవుడు మిల్లులో
గడియారం పన్నెండు కొట్టింది.

మూడింటికి వచ్చాయి నీళ్లు,
చీకట్లో పాకుతూ,
పాత మోళ్లని ఒక్కొక్కటే తడుముకుంటూ.

"నేను తెరిచింది శనివారం.
అవి వచ్చింది ఆదివారం.
రావడం నా పనా?" అన్నాడు,
నాతోనో, నీతోనో.

అది విధేయతో, వాదనో
ఇప్పటికీ తేల్చుకోలేదు నేను.
నువ్వైతే ఏమీ అనలేదు.
చీలమండలు తడిసేదాకా
అక్కడే నిలబడ్డాను.