నాలుగింటి దాకా

లోపలికి మనిషి ఒక్కరే,
నాలుగు నించి అయిదు దాకా.
అద్దం తలుపు మీద రాసుంది.
పొద్దున ఇడ్లీ తిన్నాక
నాలుగింటి దాకా నెల్లూరంతా నాదే.
జేబులో ముప్పై రూపాయలు మటుకు నావి కావు,
అవి రాత్రి అన్నానివి.

యాడికి పోవాలో ఖాజాబీ చెప్పింది.
ఉదయగిరామె. చెక్క గరిటెలు చెక్కే చేతులు.
కొడుకుని ఇక్కడ చేర్చి ఇరవై రెండు రోజులు.
డబ్బులడగని చోట్లన్నీ
ఆమె వేళ్ళ మీదున్నాయి.

"పార్కుకి పదింటికి తాళమేస్తారు, ముందే పో.
జారుడుబల్ల కింద నీడుంటది, పడుకో,
చెప్పులు తలకింద పెట్టుకో.
బంగారం కొట్లో చల్లగా ఉంటది.
ఇంట్లో పెళ్ళుందని చెప్పు, మంచినీళ్ళిస్తారు.
రెండోసారి పోమాక, గుర్తుపడతారు.
రంగనాయకుల గాలిగోపురం
మెడ నొప్పెట్టేదాకా చూడు, ఎవరూ ఏమనరు.
దర్గా కాడ చెరువుగాలికి రూక కట్టక్కర్లా.
మధ్యానాలు నేనక్కడే ఉంటా.
రొట్టెల పండగ ఇంకా చానా దూరం,
అయినా నీళ్ళకి ముందే చెప్పుకుంటే
తప్పేముందబ్బా?"

మా మాలకొండమ్మకి నెల్లూరంటే
అంబులెన్సు పైకప్పు.
పడుకునే వొచ్చింది, పడుకునే ఉంది.
అందుకని ఊరు నేను చూడాలి,
నాలుగింటికి ఆమెకి చెప్పాలి.

మొదటి రోజు పెన్న ఒడ్డు.
నీళ్ళకంటే ఇసక ఎక్కువ.
గొర్రెలు కాసే పిలగాడొకడు
వంతెన మీద రైలు పెట్టెలు లెక్కపెడతన్నాడు.
వాడికి ఇరవై మూడు, నాకు ఇరవై నాలుగు.
"ఇంజను కలిపావా?" అనడిగింది
మూతి మీద గొట్టం పక్కకి జరిపి.

రెండో రోజు గోపురం.
"పావురాళ్ళున్నయ్యా?"
చూళ్ళా.
మూడో రోజు మళ్ళీ గోపురం.
ఉన్నాయి. ఒకటి కుంటిది.
ఆ కుంటిదాని గురించే గంటంతా అడిగింది.

నాలుగో రోజు బంగారం కొట్టు.
ఆ సంగతి చెప్పలా.

ఆరో రోజు వాన.
యాడికీ పోబుద్ధి కాక ఆస్పత్రి ముందు వసారాలో నిలబడితే
వాచ్‌మన్ తలుపు తీసి లోపలికి రమ్మన్నాడు.
తడి గోచీ పిండుకుంటా తలొంచా.
కింద నల్లగా,
నలుపులో బంగారు పొడి చల్లినట్టు చుక్కలు.

చీమకుర్తి.

పదకొండేళ్ళు ఆ గుంటలో దిగినోణ్ణి.
డ్రిల్లు నీళ్ళు పారినప్పుడు ఒక్క నిమిషం తళుక్కుమని
మళ్ళీ దుమ్మయ్యే రాయి తెలుసు నాకు.
లారీలు రేవుకి పోతాయని తెలుసు.
దేశాలు దాటుద్దని మేస్త్రి అంటాడు.
సాన పట్టాక ఇట్టా ఉంటదని
ఎవరూ చూపించలా.

చెప్పులిడిసి నిలబడ్డా.
"గుడా ఇది?" అన్నాడు వాచ్‌మన్.
మోకాళ్ళ మీద కూర్చుని చూశా.
మందుల చీటీలు పట్టుకున్నోళ్ళు
నన్ను చుట్టి పోతన్నారు.
ఇంత పెద్ద ఆకాశం మీద నడుస్తా
ఒక్కరన్నా కిందికి చూడరే!

మొన్న డాక్టరు లైటు మీద పెట్టిన ఫిల్ము
గుర్తొచ్చింది అప్పుడే.
నల్లగా ఉంది అదీ.
దాంట్లోనూ చుక్కలు.
క్రషర్ కాడ గంపలు మోసిందా ఈమె అనడిగాడు.
ఎనిమిదేళ్ళు, అన్నా.
చెప్పులేసుకున్నా.

నాలుగయింది.
"ఇయ్యాల యాడికి పొయ్యావు?"
"యాడికీ పోలా. కిందే ఉన్నా.
మన రాయి పరిచారు, నువ్వు చూస్తే గుర్తుపట్టవు."
చెయ్యి మంచం అంచు దాటించి
గాల్లో కిందికి జార్చింది.
"చల్లగా ఉందా?"
"ఉంది."
"టికెట్టెంత?"

నవ్వబోయి దగ్గింది.
నర్సు వొచ్చింది.
తలుపవతల కూర్చోమంది నన్ను,
ఇంకా ముప్పావుగంట ఉండగానే.